వర్షాకాలం మీద పది వాక్యాలు

నాలుగో తరగతిలోనో ఐదో తరగతిలోనో ప్రతి పిల్లా పిల్లవాడూ ఎప్పుడో ఒకప్పుడు ‘వర్షాకాలం’ మీద పది వాక్యాలు రాసే ఉంటారు. రాయడానికి కష్టపడేదేమీ లేదు, అందరికీ కంఠతా వచ్చిన వాక్యాలే. ఆకాశంలో నల్లని మేఘాలు కమ్ముకుంటాయి. చెరువులు, కుంటలు నిండుతాయి. నదులు పొంగి ప్రవహిస్తాయి. ఎటు చూసినా పచ్చని పైర్లు కనువిందు చేస్తాయి. కప్పలు బెకబెకమంటాయి. రైతులు ఆనందంతో పొలాలకు వెళతారు. ఆఖరి వాక్యం మాత్రం అందరిదీ ఒకటే: నాకు వర్షాకాలం అంటే చాలా ఇష్టం. ఈ పది వాక్యాలు రాజోలులో రాసినా రాప్తాడులో రాసినా తేడా ఉండదు. మార్కుల్లోనూ తేడా ఉండదు.

రాప్తాడులో రాసే పిల్ల తన కళ్ళతో ఏం చూసి ఉంటుంది? అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి పడే సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. పడమటి కనుమల వానచాటు నేల ఇది. నైరుతి మబ్బులు కనుమలకు అవతలే బరువంతా దించేసుకుని ఇటు వస్తాయి. ఈశాన్యం మబ్బులు తీరంలో కురిసి కురిసి ఇక్కడికి చేరేసరికి అలిసిపోతాయి. పైగా సగటు అనే మాట ఇక్కడ పెద్దగా పనికిరాదు. నెలరోజుల వాన రెండు రోజుల్లో పడిపోయి, ఆ తర్వాత నెలంతా బెట్ట కావచ్చు. పెన్న, చిత్రావతి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక. పదేళ్ళ పిల్ల తన ఊరి చెరువు అలుగు పారడం ఒకసారో రెండుసార్లో చూసి ఉంటే అదృష్టమే. ఆ పిల్ల ‘నదులు పొంగి ప్రవహిస్తాయి’ అని రాస్తుంది. మనం టిక్కు పెడతాం.

అది అబద్ధమే. కానీ ఆ అబద్ధాన్ని పిల్ల ఖాతాలో వెయ్యడం న్యాయం కాదు. ఎలా రాస్తే మార్కులొస్తాయో ఆ పిల్ల కనిపెట్టింది, అంతే. అసలు ప్రశ్న మనవైపు నిలబడుతుంది. రోజూ కళ్ళెదురుగా కనిపించే ఆకాశానికి వ్యతిరేకంగా పిల్లల చేత రాయించి, దాన్ని భాషాజ్ఞానం అని పిలిచే హక్కు మనకెక్కడిది? రాయడమంటే ఉన్నదాన్ని పక్కన పెట్టి ఉండాల్సినదాన్ని చెప్పడం అని తొమ్మిదేళ్ళకే నేర్చుకున్న పిల్ల, రేపు అర్జీ రాసినా, వార్త రాసినా, ప్రేమలేఖ రాసినా అదే పద్ధతిలో రాస్తుంది. నా దృష్టిలో ఇది మొదట సత్యానికి సంబంధించిన గొడవ. బోధనా పద్ధతుల గొడవ ఆ తర్వాతిది.

ఈ పది వాక్యాలు ఎక్కడినుంచి వచ్చాయో ఊహించడం కష్టం కాదు. కాలవలూ వరిచేలూ ఉన్న డెల్టా జిల్లాల రుతువులే మన వాచకాల్లో అందరి రుతువులూ అయ్యాయి. పెద్దవాళ్ళ సాహిత్యం ఈ లెక్కను ఎప్పుడో సరిచేసుకుంది. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం నీళ్ళు లేని పెన్న మీద ‘పెన్నేటి పాట’ రాశాడు. సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, బండి నారాయణస్వామి లాంటివాళ్ళు కథల్లోకీ నవలల్లోకీ ఇక్కడి ఎండనూ మట్టినీ ఇక్కడి మాటలతోనే తెచ్చారు. పిల్లల నోటుపుస్తకంలోకి మాత్రం ఆ మార్పు రాలేదు. పెద్దయ్యాక రచయిత అయితే కరువు గురించి రాయొచ్చు, ఐదో తరగతిలో మాత్రం కోనసీమ గురించే రాయాలి అన్నట్టుంది వ్యవహారం.

మాటల సంగతీ అంతే. మబ్బులు కమ్మి ఎండ లేకుండా ఉంటే ఇక్కడ ‘మోడం పట్టింది’ అంటారు. విత్తనం వెయ్యడానికి సరిపడా నేల తడిస్తే ‘పదునైంది’ అంటారు. వానకూ వానకూ మధ్య పైరు వాడే ఎడం ‘బెట్ట’. ఇవన్నీ పిల్ల ఇంట్లో వినేవి. బడికొచ్చేసరికి మోడం మేఘమైంది. ఇంగ్లీషు మీడియం వచ్చాక మేఘం క్లౌడయింది. ఒకే వస్తువుకు మూడు పేర్లు తెలియడం మంచిదే, ఎవరూ కాదనరు. కానీ మూడిట్లో మొదటిది ‘తప్పు’ అని ఎర్రసిరాతో గీత పడితే, పిల్లకు అర్థమయ్యేది ఒకటే. మా అవ్వ మాట్లాడేది భాష కాదు. మా అవ్వకు తెలిసింది తెలివి కాదు. పదును అన్న ఒక్క మాటలో ఎంత నేలశాస్త్రం ఉందో చూడండి. ఎంత వాన పడింది అన్నది పదును కాదు. ఈ నేల, ఇంత లోతున, ఈ విత్తనానికి సరిపోయేంత తడిసిందా అన్నది పదును. ఎర్రగరపకు ఒక లెక్క, నల్లరేగడికి ఇంకో లెక్క. వాచకంలో దీనికి సాటివచ్చే మాట నాకైతే కనబడలేదు.

ఇక్కడిదాకా వచ్చాక చాలామంది ఒక పరిష్కారం చెబుతారు. పిల్లల్ని గది బయటికి తీసుకెళ్ళండి, చెట్ల కింద కూర్చోబెట్టండి, పిట్టల్ని చూపించండి, చూసింది రాయమనండి. ప్రకృతే గురువు. నేనూ ఈ పక్షమే. అయినా ఈ మాటలు వినేటప్పుడు నాకు కాస్త ఇబ్బందిగా ఉంటుంది. రవీంద్రుడు 1901లో శాంతినికేతన్‌లో చెట్ల కింద బడి పెట్టినప్పుడు ఆ పిల్లల్లో చాలామందికి ప్రకృతి కొత్తగా దొరికిన స్నేహం. ఇక్కడి పిల్లలకు ప్రకృతి స్నేహితుడని ఒట్టేసి చెప్పగలమా? వేసవి సెలవుల్లో పొలంలో రాళ్ళేరిన పిల్లకు, మేకల వెంట తిరిగిన పిల్లవాడికి, ఇంట్లో విత్తనం కాయలు ఒలిచి ఒలిచి వేళ్ళు కాయలు కాసినవాళ్ళకు, ‘పదండి, ప్రకృతిని చూద్దాం’ అంటే నవ్వొస్తుంది. మూడో బోరు కూడా ఎండిపోయిందని రాత్రంతా నాయన నిద్రపోని ఇంటినుంచి వచ్చినవాడికి నేల అంటే అందం కాదు, అప్పు. సౌందర్యం అన్న మాటని అంత తేలిగ్గా వాడి చేతిలో పెట్టలేం.

దీనికి తోడు ఇంకో పేచీ ఉంది. ప్రకృతిని పిల్లల చదువు కోసం ‘వాడుకోవడం’ అంటాం. అన్నిటినీ పనిముట్టుగా చూసే బుద్ధే కదా ఈ నేలను ఈ స్థితికి తెచ్చింది? కొండల మీది చెట్టు బొగ్గుకు పనికొచ్చింది, కొట్టేశాం. భూగర్భంలో నీళ్ళు పంటకు పనికొచ్చాయి, తోడేశాం. కొర్రా సజ్జా జొన్నా కలిపి వేసే చేలల్లో వేరుశెనగ ఒక్కటే లాభమన్నారు, అదొక్కటే వేశాం. ఇప్పుడు మిగిలిన నాలుగు తంగేడు పొదలు చదువుకు పనికొస్తాయి అంటున్నాం. మాట పట్టుకుని వాదిస్తున్నానని అనుకోవచ్చు. కానీ మాటలు నేర్పే బడి గురించి మాట్లాడుతూ మాటను పట్టించుకోకపోతే ఎలా?

ఈ రెండు పేచీలకూ పుస్తకాల్లో కన్నా చెన్నేకొత్తపల్లిలో మంచి జవాబు దొరుకుతుందని నా నమ్మకం. (2022లో జిల్లాలు విడిపోయాక ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. నేల మాత్రం అదే నేల.) 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ళ మిత్రులు కలిసి ఆ ఊరి దగ్గర ముప్ఫై రెండెకరాల బీడు కొని టింబక్టు కలెక్టివ్ మొదలుపెట్టారు. అక్కడ వాళ్ళు చేసిన పనిలో నాకు నచ్చేది, పెద్దగా ఏమీ ‘చెయ్యకపోవడం’. నేలను మంటల నుంచి, మితిమీరిన మేత నుంచి, గొడ్డలి నుంచి కాపాడి, వాననీటిని కాస్త ఆపి, తిరిగి లేవడానికి దాన్ని వదిలేశారు. మట్టిలో మిగిలిన వేళ్ళూ విత్తనాలే చాలావరకు చిగిర్చాయి. ఆ పద్ధతే తర్వాత చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళతో కలిసి వేల ఎకరాల కల్పవల్లి అడవి అయింది. ఈ కలెక్టివ్ పిల్లల కోసం నడిపిన బడి పేరు ప్రకృతి బడి.

ఆ బడిలో పిల్లలకు ప్రకృతి తయారుగా ఉన్న అందాల బొమ్మగా దొరకలేదు. వాళ్ళ చుట్టూ ఉన్నది దెబ్బతిని కోలుకుంటున్న నేల. మోడుగా ఉన్నది పొద అవడం, పొద చెట్టవడం, చెట్టుకు పిట్ట రావడం ఒక్కరోజు పాఠంలో ఇమిడేవి కావు. దాన్ని చూడాలంటే ఏళ్ళు పడుతుంది. ఇక్కడ నేల ఎవరికీ పనిముట్టు కాలేదు. పిల్లలతో పాటు అదీ పెరుగుతోంది.

ఆ బడి నుంచే 2008లో ‘కొత్తపల్లి’ అనే పిల్లల పత్రిక మొదలైంది. అచ్చులోనూ, అంతర్జాలంలోనూ. తెలుగులో పిల్లల కోసం పెద్దలు రాసే పత్రికలు చాలా వచ్చాయి, ఆగిపోయాయి. ఇందులో పిల్లలు రాసినవి, పిల్లలు అవ్వాతాతల దగ్గర విని తిరిగి చెప్పినవి విరివిగా వచ్చాయి. కథ పక్కన రాసినవాళ్ళ పేరు, తరగతి, బడి. నేను వాటిని చదువుతూ గమనించిన సంగతి ఒకటి చెప్పాలి. ప్రకృతి బడి పిల్లలు కదా, పూలూ వెన్నెలా వర్ణిస్తారేమో అనుకుంటాం. వర్ణనలు తక్కువ. నక్కలు, దయ్యాలు, పిసినారి ముసలమ్మలు, తెలివైన కుందేళ్ళు, రాజుల్ని బోల్తా కొట్టించే గొర్రెలకాపరులు. ప్రకృతి ఉంది, కానీ కథలో పాత్రగా ఉంది, కథ నడిచే దారిగా ఉంది. చేనికి పోయే దారి, వంక దాటడం, చింతచెట్టు మీద దయ్యం. పిల్లలు నేల గురించి రాయలేదు, నేల మీద నిలబడి రాశారు. ‘ప్రకృతి స్ఫూర్తితో రచన’ అని వర్క్‌షాపులు పెట్టేవాళ్ళు ఈ తేడాను ఒకసారి ఆలోచించాలి.

ఇంతకీ చూడటానికీ మాటకూ ఉన్న సంబంధం ఏమిటి? ఈ ప్రశ్న మీద చాలా పట్టుదలగా ఆలోచించిన మనిషి మన పక్కనే, మదనపల్లెలో, 1895లో పుట్టాడు. జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా ఒక సంగతి రకరకాలుగా చెబుతూ వచ్చాడు. చెట్టు అన్న మాట చెట్టు కాదు. పేరు పెట్టిన మరుక్షణం మనం చూడటం మానేస్తాం, పేరుతో తృప్తిపడిపోతాం. ఆయన మాట నిజమైతే బడికి చిక్కొచ్చి పడినట్టే. బడి పనే పేర్లు నేర్పడం. అక్షరం నేర్పిన ప్రతిసారీ ఒక తెర దించుతున్నామా? ‘కనువిందు చేస్తాయి’ అని రాసిన పిల్ల విషయంలో ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ మాట ఆ పిల్ల కంటికీ ఆకాశానికీ మధ్య అట్టముక్కలా నిలబడింది. తమాషా ఏమిటంటే, ఆయన స్థాపించిన రిషివ్యాలీ వాళ్ళే చుట్టుపక్కల ఊళ్ళ చిన్న బడుల కోసం, ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ ఎవరి వేగంతో వాళ్ళు నేర్చుకునేలా, కార్డుల మీద పాఠాలు తయారుచేశారు. స్థానికంగా దొరికే కథలూ పాటలూ వాటిలోకి ఎక్కించారు. ఆ పద్ధతిని చూసి వెళ్ళిన తమిళనాడు అధికారులు 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి రాష్ట్రమంతా పాకించారు. మాటను అనుమానించిన మనిషి నీడలోనే మాటలు నేర్పే మంచి పద్ధతి ఒకటి తయారయిందన్నమాట.

పేరు అడ్డుతెరే కాదు, కాపలా కూడా అని చెప్పే కథ ఒకటి కడప వైపు ఉంది. కలివికోడి అనే పిట్ట 1900 తర్వాత శాస్త్రవేత్తల కంటికి కనబడలేదు. అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర లంకమల ప్రాంతంలో అది మళ్ళీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతుకుతూ వచ్చి ఊళ్ళవాళ్ళను అడిగితే, పిట్టల్ని పట్టే మనిషి ఒకాయన రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చి చూపించాడు. ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. ఆ జాతి ఇంకా ఉందని మాత్రం తేలింది. అభయారణ్యం ఏర్పడింది, తర్వాత తెలుగుగంగ కాలవ దారి కూడా దానికోసం మార్చాల్సొచ్చింది. ప్రపంచానికి ఎనభై ఆరేళ్ళు లేని పిట్ట, కలివి పొదల మధ్య తిరిగే కోడిగా, తెలుగులో పేరుతో సహా బతికే ఉంది. ఆ పేరు తెలిసిన మనిషి బడిలో ఫస్టు ర్యాంకు తెచ్చుకున్నవాడు కాకపోవచ్చు.

కాబట్టి కృష్ణమూర్తినీ ఆ పిట్టలవాణ్ణీ కలిపి చదువుకోవాలి. చూసి పేరు పెట్టడం వేరు, పేరు బట్టీపట్టి చూడకపోవడం వేరు. న్యూజిలాండులో మావోరీ పసిపిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్ 1963లో వచ్చిన ‘టీచర్’ పుస్తకంలో తను పాటించిన పద్ధతి రాసింది. దిగుమతి వాచకాలు పక్కన పెట్టి, ప్రతి పిల్లనూ రోజూ ‘నీకేం మాట కావాలి?’ అని అడిగేది. పిల్ల చెప్పిన మాటను అట్టముక్క మీద రాసి ఇచ్చేది. పిల్లలు అడిగినవి భయానికీ ప్రేమకూ సంబంధించిన మాటలు. అవి ఒక్కసారి చూస్తే చాలు, మరిచిపోయేవాళ్ళు కాదు. ఇదే ప్రశ్న మన పిల్లల్ని అడిగితే ఏ మాటలు వస్తాయి? ‘ఉడుత’, ‘ఉయ్యాల’ వస్తాయని నేననుకోను. ‘బోరు’, ‘పాము’, ‘ట్యాంకరు’, ‘సెనక్కాయ’, ‘బెంగుళూరు’ రావచ్చు. రానిద్దాం.

సెనక్కాయ అంటే గుర్తొచ్చింది. ప్రకృతి పాఠం అనగానే మనవాళ్ళు తిమ్మమ్మ మర్రిమానుకు విహారయాత్ర పెడతారు. 1989లో గిన్నిస్ పుస్తకంలోకెక్కిన చెట్టు, కదిరి దగ్గర ఐదెకరాలకు పైగా పరుచుకుని ఉంది, చూడాల్సిందే. కానీ బడి గోడ అవతల ఉన్న వేరుశెనగ చేను అంతకు తక్కువ వింతేమీ కాదు. పువ్వు పైన పూస్తుంది, కాయ మట్టిలో కాస్తుంది. ఇది పిల్లలందరికీ తెలుసు, తెలుసు గనకే ఎవరూ చూడరు. పదునులో గొర్రుతో విత్తిన గింజ నెల తిరిగేసరికి చిన్న పసుపుపచ్చ పువ్వు వేస్తుంది. పువ్వు వాడాక దాని మొదట్లోంచి సన్నని పుల్లలాంటిది బయలుదేరి నేలవైపు వంగుతుంది. దాన్ని రైతులు ఊడ అంటారు. మర్రికి దిగేదీ ఊడే, సెనక్కాయ చెట్టుకు దిగేదీ ఊడే. ఆ మాటను మొదట ఎవరు అటునుంచి ఇటు తెచ్చారో గానీ ఆ మనిషి కవి. ఊడ మట్టిలోకి దిగితేనే కొస ఉబ్బి కాయవుతుంది. సరిగ్గా ఆ రోజుల్లో బెట్ట వచ్చి నేల గట్టిపడిందా, ఊడ నేలను తాకి కూడా లోపలికి పోలేదు. అక్కడే వేలాడి ఎండిపోతుంది.

ఐదో తరగతి పిల్లలు నలుగురేసి గుంపులుగా ఒక్కో చెట్టుకు దారం కట్టి గుర్తుపెట్టుకుని, విత్తిన రోజు నుంచి పీకిన రోజు దాకా వారానికి రెండు వాక్యాలు రాస్తే చాలు. ఎన్ని పూలు, ఎన్ని ఊడలు, ఎన్ని దిగాయి, ఎన్ని దిగలేదు, వేళ్ళ మీద బుడిపెలున్నాయా, వాన ఏ రోజు పడింది. బొమ్మ వేయాలి. కనువిందులు, ఆహ్లాదాలు అవసరం లేదు. అక్టోబరుకల్లా ఆ నోటుపుస్తకం చదివితే ఆ ఏడాది వాన కథ మొత్తం అందులో ఉంటుంది. పంట ఎందుకు పోయిందో ‘దేవుడు చల్లగా చూడలేదు’ అన్న మాట దగ్గర ఆగకుండా పిల్ల చెప్పగలుగుతుంది. చెప్పడం రాని చోట నాయనను అడుగుతుంది. మన పిల్లలు చాలామంది చదివిన ‘రైలుబడి’లో కొబయాషి మాస్టారు ఒక రైతును తీసుకొచ్చి, ఈయన మీ వ్యవసాయం టీచరు అని పరిచయం చేస్తాడు. ఇక్కడ అలాంటి టీచర్లు ప్రతి ఇంట్లో ఉన్నారు. సంతకం పెట్టమని ప్రోగ్రెస్ కార్డు పంపడానికి తప్ప బడికి వాళ్ళతో పనిపడలేదు.

ఖచ్చితంగా చూడటం అనే అలవాటు ఎంత అవసరమో హిందూపురం వైపు వీరాపురం పిట్టల సంగతి చెబుతుంది. ఏటా ఆ ఊరి చెట్ల మీద రంగురంగుల కొంగలు గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుకుంటాయి. ఊరివాళ్ళు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. అవి వస్తే వానలు పడతాయని నమ్మకం. పత్రికల్లో ఏటా వచ్చే వార్త: ‘సైబీరియా నుంచి వచ్చిన అతిథులు’. పిల్లలూ వ్యాసాల్లో సైబీరియా అనే రాస్తారు. అవి సైబీరియావి కావు. మన ఉపఖండపు చెరువుల్లోనే నీళ్ళను బట్టి, చేపల్ని బట్టి అటూ ఇటూ తిరిగే కొంగలు. సైబీరియా అంటే గొప్పగా ఉంటుంది, నిజమే. కానీ నిజం అంతకన్నా ఆసక్తికరం. ఈ కరువు నేలలో గూడు పెట్టి, పిల్లలకు పెట్టడానికి చేపల కోసం ఏ చెరువు దాకా ఎగిరి వెళ్ళి వస్తాయి? ఆ చెరువులో నీళ్ళు లేని ఏడాది ఏమవుతాయి? సైబీరియా అని రాసేశాక ఈ ప్రశ్నలు పుట్టవు.

ఇప్పుడు కష్టమైన చోటికి రావాలి. పిల్లలకు నిజం రాయమని అనుమతి ఇచ్చాక వాళ్ళు నిజంగానే రాస్తారు. చేను గురించి రాయమంటే అప్పు గురించి రాస్తారు. చెట్టు గురించి రాయమంటే, ఆ చెట్టు కింద ఏం జరిగిందో రాస్తారు. ఎన్నో ఇళ్ళు రైతు ఆత్మహత్యలు చూసిన ప్రాంతం ఇది. ఆ కాగితం చేతికొచ్చిన టీచరు ఏం చెయ్యాలి?

అక్షరదోషాలు దిద్దడం ఒక రకం క్రూరత్వం. కళ్ళనీళ్ళు పెట్టుకుని ప్రార్థన సమయంలో అందరి ముందు చదివించడం ఇంకో రకం. రెండోది మంచితనం వేషంలో ఉంటుంది గనక గుర్తుపట్టడం కష్టం. ఈమధ్య పిల్లల రచనలకు పోటీలు, సంకలనాలు, ఫేసుబుక్కు పోస్టులు ఎక్కువయ్యాయి. సంతోషమే. కానీ కరువు సీమ పిల్ల రాసింది అనగానే చదివేవాళ్ళం దుఃఖం కోసం వెతుకుతాం. పిల్లలు చాలా చురుకు. మునుపు ‘పచ్చని పైర్లు’ రాస్తే మార్కులొచ్చేవి, ఇప్పుడు ‘ఎండిన గుండెలు’ రాస్తే బహుమతి వస్తుంది అని నెలలోపు కనిపెట్టేస్తారు. పది వాక్యాల వర్షాకాలం పోయి పది వాక్యాల కరువు వస్తుంది. దానికీ నేర్చిన ఏడుపు ఒకటి తయారవుతుంది. పైరు గురించి అబద్ధం చెప్పించడం కన్నా, పిల్ల చేత తన ఇంటి కష్టాన్ని అమ్మకానికి పెట్టించడం పెద్ద తప్పు అని నేననుకుంటాను. మొదటిదాంట్లో పిల్లకు పోయేది ఒక వ్యాసం. రెండోదాంట్లో పిల్లదీ, రాయమని అడగని అమ్మదీ నాయనదీ పరువు కూడా పోతుంది.

అందుకని కొన్ని చిన్న చిన్న మర్యాదలు కావాలి. నోటుపుస్తకం పిల్లది. ఏది చదివి వినిపించాలో, ఏ పేజీ మడిచి పెట్టుకోవాలో పిల్ల ఇష్టం. మడిచిన పేజీ టీచరు విప్పకూడదు. ఏదైనా ప్రమాదం కనిపిస్తే ఆ పిల్లతో, ఇంట్లోవాళ్ళతో నెమ్మదిగా మాట్లాడాలి, కాగితాన్ని ఊరేగించకూడదు. అచ్చుకు పంపేముందు పిల్లను అడగాలి, ఇంట్లో అడగాలి. ముప్ఫై మంది ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు, రోజుకో యాప్‌లో ఫోటోలు అప్‌లోడ్ చేసే బడిలో ఇవన్నీ ఎక్కడ కుదురుతాయని అడిగితే, నిజమే, కష్టమే. మడిచిన పేజీని మడిచి ఉంచడానికి మాత్రం ప్రత్యేకంగా టైము పట్టదు.

రాయడం గురించే ఇంతసేపూ మాట్లాడాను, చదవడం సంగతి ఒకటుంది. పిల్లలకు వాళ్ళ నేల గురించే పుస్తకాలివ్వాలి అనే వాదం ఈ మధ్య బలపడింది. ఇందులో సగమే నాకు సమ్మతం. వాళ్ళ ఊరి కథలు వాచకంలో కనబడాలి, ఆ హక్కు కోసం కొట్లాడాలి. కానీ కరువు పిల్లకు కరువు పుస్తకమే ఇస్తామంటే అది ఇంకో రకం కంచె. సముద్రం చూడని పిల్లకు సముద్రం కథ కావాలి, మంచు కురిసే ఊరి కథ కావాలి, తిమింగిలం కావాలి. వరిచేలూ కాలవలూ కూడా కావాలి, అవి తన ఊరివని అనుకోవాల్సిన పని లేనప్పుడు. మోడం అన్న మాట సిగ్గులేకుండా రాయగలిగిన పిల్లకు క్లౌడ్ అన్న మాటతో పేచీ ఉండదు. బడికి ఒక చిన్న అల్మారా నిండా మంచి పుస్తకాలు, తాళంచెవి హెడ్మాస్టరు జేబులో కాకుండా బయట ఉంటే చాలు. తాళం వేసిన అల్మారాలు ఇప్పటికే మన బడుల్లో బోలెడున్నాయి.

మొక్కలు నాటే పండుగల గురించి కూడా ఒక మాట. జూలైలో నాటి, ఫోటో దిగి, ‘వృక్షో రక్షతి రక్షితః’ అని గోడ మీద రాసి, మార్చికల్లా ఎండిపోయిన కడ్డీ పక్కన అదే గోడ కింద పిల్లలు కూర్చుంటారు. నినాదం మాత్రం ఎండదు. ఆ ఎండిన మొక్క మీద రాయమంటే మంచి వ్యాసం వస్తుంది. అడిగే ధైర్యం కావాలంతే.

వేరుశెనగ నోటుపుస్తకం అన్నాను కదా, దానికి ఒక చిక్కుంది. పంట పోయిన ఏడాది, సంక్రాంతి లోపే చాలా ఇళ్ళకు తాళాలు పడతాయి. అమ్మా నాయనా బెంగుళూరుకు పనికి పోతారు. అవ్వ ఉన్న పిల్లలు ఊళ్ళో ఉంటారు, లేనివాళ్ళు వెంట వెళతారు. హాజరుపట్టీలో వాళ్ళ పేరుకెదురుగా వరసగా ఖాళీ గళ్ళు. ఆ పిల్లకు ఊరు వదిలే ముందు ఆ నోటుపుస్తకం ఇచ్చి పంపాలి. లేస్తున్న బిల్డింగు పక్కన రేకుల షెడ్డులో కూడా ఆకాశం ఉంటుంది. ఇసుక కుప్ప మీద కుక్కపిల్లలుంటాయి, కేబుల్ తీగల మీద పావురాలుంటాయి, గోడ పగుల్లో రావి మొలుస్తుంది. ట్యాంకరు నీళ్ళు ఎన్ని రోజులకొకసారి వస్తాయో లెక్క ఉంటుంది. మళ్ళీ ఎప్పుడో మే ఆఖర్లోనో జూన్‌లోనో, రోహిణి పోయి మృగశిర వచ్చే వేళకు, ఆ పిల్ల తిరిగొస్తుంది. అప్పుడు హాజరు లేదని తిట్టకుండా ఆ పుస్తకం అడిగి చూడాలి. వాన పడిన రోజుల పక్కన ఊరిపేరు రాసిందో లేదో, అక్కడి వానకు ఏ మాట వాడిందో.